ఆఖరి కాపలా

ఆ శనివారం నెల్డా బార్‌లో అడుగుపెట్టేసరికే వెండెల్ స్టాంపర్ ఒళ్లు మండిపోతూ ఉన్నాడు. కిందటి శనివారం నుంచీ అతనికి ఆ మంట చల్లారలేదు. పొట్టేళ్లని పిలిచే హార్లో స్టేట్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు వరసగా ఆటలు ఓడిపోతోంది. ప్రతిసారీ తప్పు డిఫెన్స్‌దే. బంతి పట్టుకుని దూసుకొచ్చేవాణ్ణి పడగొట్టాల్సినవాళ్లు, పెళ్లివారికి దారిచ్చినట్టు పక్కకి జరుగుతున్నారు. ఆ డిఫెన్స్‌లో అందరికంటే వెనక నిలబడేవాణ్ణి సేఫ్టీ అంటారు. ముందున్నవాళ్లందర్నీ దాటుకొచ్చినవాణ్ణి ఆపాల్సిన ఆఖరి కాపలా అతనిదే. ఈ ఏడాది ఆ చోట ఆడుతున్నది వెండెల్ కొడుకు కోల్బీ.

ఆ బార్‌కి వచ్చేవాళ్లలో హార్లో స్టేట్‌లో చదివినవాడు ఒక్కడూ లేడు. సున్నపురాయి క్వారీలో పనిచేసేవాళ్లు, కొండల మీంచి దుంగల లారీలు దించేవాళ్లు, గని మూతపడ్డాక మరే పనీ కుదరనివాళ్లు. శనివారం మధ్యాహ్నమయ్యేసరికి ఆకుపచ్చ చొక్కాలు తొడుక్కుని వచ్చేవాళ్లు. పొట్టేళ్లు గెలిస్తే తామే గెలిచినట్టు, ఓడితే ఎవడో తమ ఇంట్లో దూరి దోచుకుపోయినట్టు ఇళ్లకి పోయేవాళ్లు. వెండెల్ ఇరవై ఏళ్లుగా అదే స్టూలు మీద కూర్చుని డిఫెన్స్‌ని తిడుతున్నాడు. అతని తిట్లకి ఆ ఊళ్లో పేరుంది. "వీడి చేతులకి వెన్న రాసి పంపింది వాళ్లమ్మ" అనేవాడు. "వీడికంటే మా దొడ్డికంచె నయం, ఆవులనైనా ఆపుతుంది" అనేవాడు. జనం నవ్వలేక పొలమారేవాళ్లు. ఆ తిట్లు తినే కుర్రాళ్లకీ తండ్రులుంటారని, వాళ్లూ ఎక్కడో ఇలాంటి బార్‌లోనే కూర్చుని వింటూ ఉంటారని అతనికి ఎన్నడూ తట్టలేదు. ఈ ఏడు తట్టింది.

బావమరిది లైల్ ప్రూయెట్ అప్పటికే వచ్చి పక్క స్టూలు పట్టి ఉంచాడు. లైల్ దుంగల లారీ తోలతాడు. పెళ్లాం వదిలేసి వెళ్లిపోయాక, పిల్లలు లేక, అక్క కొడుకునే తన కొడుకనుకున్నాడు. కోల్బీకి బంతి పట్టడం, మనిషిని నడుం దగ్గర పట్టి పడగొట్టడం పెరట్లో నేర్పింది అతనే. ఆ రోజు లైల్ ఎప్పటిలా లేడు. ముందున్న పెపరోనీ మాంసం రొట్టె ముట్టుకోలేదు. వెండెల్ కూర్చోగానే, "బావా, ఆటయ్యాక నీతో ఒక మాట మాట్లాడాలి" అన్నాడు.

"ఇప్పుడే చెప్పు."

"ఇక్కడ కాదు. ఆటవనీ."

టీవీలో ఆట మొదలైంది.

వ్యాఖ్యానం చెప్పేవాళ్లు ఇద్దరూ పైనుంచి పెద్ద చానల్ పంపినవాళ్లు. ఒకడు డాన్వర్స్, ఏం జరిగిందో చెబుతాడు. రెండోవాడు కెట్రిడ్జ్, ఒకప్పటి ఆటగాడు, జరిగినదానికి అర్థం చెబుతాడు. కెట్రిడ్జ్ పళ్లు తెల్లగా, వరసగా, పింగాణీ గిన్నెల్లా ఉంటాయి. బార్‌లో అందరూ వాణ్ణి పళ్లోడు అనే పిలుస్తారు. వాడికి పొట్టేళ్ల ఊరేదో తెలియదు, ఆటగాళ్ల పేర్లు నోరు తిరగవు. కోల్బీ పేరు వచ్చినప్పుడల్లా 'స్టాంప్లర్' అంటున్నాడు.

అవతలి జట్టులో నల్ల చొక్కా వేసుకున్న దుక్కలాంటివాడొకడు మొదటిసారి బంతి అందుకుని పరిగెత్తాడు. ఒకణ్ణి మోచేత్తో తోశాడు, ఇంకొకణ్ణి తొక్కుకుంటూ పోయాడు. ఎదురుగా కోల్బీ మిగిలాడు. అడ్డం పడ్డాడు గాని, పడినచోట ఆ మనిషి లేడు. చేతులు గాలిని కౌగిలించుకున్నాయి.

"చూశారా," అన్నాడు టీవీలో కెట్రిడ్జ్ హాయిగా నవ్వుతూ. "ఈ స్టాంప్లర్‌కి ఎదుటివాడికి తగలడం ఇష్టం లేదు. ఈ ఆట తగలడానికే ఆడతారని ఎవరైనా చెబితే బావుండు."

వెండెల్ గ్లాసు బల్లకేసి కొట్టాడు. "నెల్డా, ఆ పళ్లోడి నోరు నొక్కెయ్. రేడియో పెట్టు."

రేడియోలో చెప్పేది ఎమెట్ అనే ముసలాయన. ఈ కొండల మనిషి. పొట్టేళ్లు ఓడితే ఆయన గొంతు పూడుకుపోతుంది. కాని ఒక చిక్కుంది. రేడియోలో మాట టీవీలో బొమ్మకంటే రెండు గుక్కలు తాగేంత ముందు వస్తుంది.

"వద్దే నెల్డా," అన్నాడు మూలబల్ల దగ్గర్నించి డ్యూయీ. లావుపాటి మనిషి, టైర్ల కొట్టు నడుపుతాడు. "చూడకముందే చెప్పేస్తాడు ఆ ముసలాడు. చావు కబురు ముందు విని తర్వాత శవాన్ని చూసినట్టుంటుంది."

నెల్డా వెండెల్ మొహం చూసింది. రిమోట్ తీసి టీవీ నోరు నొక్కి, సీసాల వెనకున్న రేడియో తిప్పింది. అరవై దాటిన మనిషి, ఆ బార్‌లో ఆమె చేసిందే తీర్పు.

డ్యూయీ అన్నట్టే జరిగింది. ఎమెట్ గొంతులో "అయ్యో, స్టాంపర్ అందుకోలేకపోయాడు" అని వినిపించేది. ఆ తర్వాత అందరూ తలెత్తి, అందుకోలేకపోబోతున్న కుర్రాణ్ణి చూసేవాళ్లు. తెరమీద కోల్బీ ఇంకా పరిగెడుతూనే ఉండేవాడు. వెండెల్‌కి మాత్రం వాడు ఎక్కడ పడతాడో, ఎలా పడతాడో అప్పటికే తెలిసిపోయేది. ఒకసారి అయింది, మళ్లీ అయింది. మూడోసారి నల్ల చొక్కావాడు కోల్బీ ఛాతీ మీద చెయ్యేసి, తలుపు తోసినట్టు తోసుకుంటూ పోయి గీత దాటాడు.

"వీడు ఆఖరి కాపలా కాదర్రా," అన్నాడు డ్యూయీ. "వీడు తలుపు తీసేవాడు. లోపలికి రండి బాబూ, కాళ్లు కడుక్కోండి అంటున్నాడు."

బార్ అంతా పగలబడి నవ్వింది. ఆ మాట వెండెల్‌దే. ఏడేళ్ల కిందట, ఇంకెవడి కొడుకునో చూసి, అదే స్టూలు మీంచి అన్నాడు. డ్యూయీ దాన్ని దాచుకుని ఇవాళ తిరిగిచ్చాడు. వెండెల్ లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు. మెడ నరాలు తాళ్లలా లేచాయి. ఇంకో బీరు అడిగి సగం ఒకే గుక్కలో తాగాడు.

"బావా, పద, బయటికి పోదాం," అన్నాడు లైల్ నెమ్మదిగా.

"ఎందుకు?"

"చెప్పాలన్నానుగా. ఇప్పుడే చెప్తాను, పద."

"వీళ్లు నవ్వుతుంటే నేను తోక ముడుచుకుని బయటికి పోవాలా? ఆ పళ్లోడు ఈ చుట్టుపక్కల ఉంటేనా, వాడి పళ్లన్నీ రాలగొట్టి వాడి చేతే ఏరించేవాణ్ణి."

తెరమీద కోల్బీ మోకాళ్ల మీద చేతులు ఆన్చుకుని వంగి ఊపిరి తీసుకుంటున్నాడు. లైల్ వాడినే చూస్తూ, "పళ్లోడు చెప్పింది అబద్ధం కాదు బావా," అన్నాడు.

"ఏమన్నావ్?"

"కోల్బీ తగిలే ముందు కళ్లు మూసుకుంటున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. వాడికి భయం. వాడు..."

వెండెల్ చేతిలోని దళసరి గాజు మగ్గు లైల్ మొహం మీద పగిలింది.

ఆ చప్పుడుకి ముందు అందరూ గ్లాసు జారిపడిందనుకున్నారు. లైల్ స్టూలు మీంచి వెనక్కి పడ్డాడు. పడుతూ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు మోచేతుల దాకా కారింది. అక్కడితో ఆగితే ఎలా ఉండేదో. వెండెల్ ఆగలేదు. బావమరిది ఛాతీ మీద కూర్చుని, అడ్డంపెట్టిన చేతులు ఎడమచేత్తో లాగేసి, కుడిచేత్తో గుద్దాడు. అతని గుప్పిట్లో మగ్గు పిడి ఇంకా ఉంది. పిడికి అంటుకుని గాజుముక్క ఉంది. ఏ గుద్దుకి ఏం తెగిందో అతనికి తెలియదు. "భయమా," అంటున్నాడు. "ఎవడికిరా భయం, ఎవడికి?" ప్రతి మాటకీ ఒక గుద్దు. లైల్ నోట్లోంచి మాట రాలేదు. గురగురమని ఒక చప్పుడు వచ్చింది, అంతే.

డ్యూయీ వెనకనుంచి వచ్చి మెడ చుట్టూ చెయ్యేసి లాగాడు. వెండెల్ తల వెనక్కి విసిరాడు. డ్యూయీ ముక్కు పుటుక్కుమంది. ఇద్దరు లారీవాళ్లు కాళ్లు పట్టుకు లాగితే ఒకడి పొట్టలో తన్నాడు. అప్పటికి నెల్డా కౌంటరు కిందనుంచి బేస్‌బాల్ కర్ర తీసి వచ్చింది. అతని కుడి ముంజేతి మీద కొట్టింది. ఎముక విరిగింది. మగ్గు పిడి చేతిలోంచి జారిపోయింది. ఆ నొప్పికి వెండెల్‌కి ఒక్కసారి తెలివొచ్చినట్టయింది. కిందికి చూశాడు. కింద ఉన్నది పళ్లోడు కాదు, డ్యూయీ కాదు, లైల్. లైల్ ఎడమ కన్ను ఉండాల్సిన చోట ఎర్రటి మాంసం తప్ప ఏమీ కనిపించలేదు.

రేడియోలో ఎమెట్ ఇంకా ఆట చెబుతూనే ఉన్నాడు.

పోలీసు డెప్యూటీ హోబర్ట్ వచ్చి అతన్ని కారు వెనకసీట్లో కూర్చోబెట్టాడు. విరిగిన చేతికి గొలుసు వెయ్యలేక ఎడమచేతిని తలుపు కమ్మీకి కట్టాడు. అప్పటికి అంబులెన్సు లైల్‌ని తీసుకుపోయింది. కారు కదిలాక హోబర్ట్ చెయ్యి అలవాటుగా రేడియో మీదికి పోయింది. అతనూ పొట్టేళ్ల మనిషే, ఆ ఊళ్లో కానివాడు లేడు. అద్దంలోంచి వెనక్కి చూసి, "ఆపెయ్యనా?" అన్నాడు.

"ఉండనీ," అన్నాడు వెండెల్.

పొట్టేళ్లు కాస్త పుంజుకున్నారు. ఎమెట్ గొంతులో ప్రాణం వచ్చింది. "మళ్లీ బంతి నల్ల చొక్కావాడి చేతికే. దాటాడు. ఇంకొకణ్ణీ దాటాడు. స్టాంపర్ ఎదురొస్తున్నాడు. కొట్టాడు. స్టాంపర్ తలవంచి వచ్చి కొట్టాడు, బంతి ఊడిపోయింది, బంతి పొట్టేళ్లది. ఈ దెబ్బ కోసమే కదర్రా మనం ఇన్ని వారాలు చూసింది."

హోబర్ట్ స్టీరింగు మీద చరిచాడు. వీధిలో ఆగి ఉన్న కార్లు హారన్లు మోగించాయి. దాటివచ్చిన బార్ వైపునుంచి కేకలు వినిపించాయి. వెండెల్ నోరు తెరుచుకుంది. నెత్తురు ఎండి బిగుసుకున్న మొహంలో నవ్వు రాబోయింది.

తర్వాత ఎమెట్ మాట మారింది. "స్టాంపర్ లేవలేదు," అన్నాడు. కాసేపాగి, "కాళ్లు కదపడం లేదు. వైద్యులు పరిగెడుతున్నారు," అన్నాడు. ఆ తర్వాత పెద్ద మైదానం మూగబోయిన హోరు మాత్రం వినిపించింది.

హోబర్ట్ కారు పక్కకి తీసి ఆపాడు. జేబులోంచి తన ఫోను తీసి, నంబరు అడిగి నొక్కి, వెండెల్ చెవి దగ్గర పెట్టాడు.

అవతల అతని భార్య మార్లా గొంతు వినిపించింది. నెల్డా కబురు చేస్తే తమ్ముడి కోసం ఊరి ఆసుపత్రికి వచ్చింది. "వాడి కన్ను తీసెయ్యాలంటున్నారు," అంది. ఏడుపు లేదు. "వాడు నీకేం చేశాడు? నువ్వు మాట్లాడకు. నీ గొంతు వినాలని లేదు నాకు."

"మార్లా, కోల్బీ," అన్నాడు వెండెల్. "ఇప్పుడే రేడియోలో. పడిపోయాడు. లేవలేదు."

ఫోనులో ఎవరో డాక్టర్ని పిలవడం, ఏదో బండి చక్రాల చప్పుడు వినిపించాయి. ఎంతసేపటికో మార్లా అంది: "ఇప్పుడు నేను ఎవరి దగ్గరికి పోవాలో చెప్పు. చెప్పు వెండెల్. నువ్వే చెప్పు."

ఆమె ఫోను పెట్టేసింది.

చేతికి కట్టు కట్టించి జైల్లో వేశారు. అక్కడ హాలు గోడకి టీవీ ఉంది. తాగి కొట్టుకున్నవాళ్లు, దొంగతనానికి దొరికినవాళ్లు నలుగురైదుగురు దాని ముందు చేరి ఉన్నారు. ఆట అయిపోయింది. పొట్టేళ్లు గెలిచారు. కోల్బీ కొట్టిన దెబ్బని పదేపదే చూపిస్తున్నారు.

"ఇదీ," అంటున్నాడు కెట్రిడ్జ్. "మేం చూడాలనుకున్న స్టాంపర్ ఇతనే." ఇప్పుడు పేరు తప్పు పోలేదు.

"ఏం గుద్దాడ్రా," అన్నాడు ఒక కుర్రవాడు. "వాడి పుర్రె చప్పుడు ఇక్కడికి వినిపించింది."

"తగ్గించండి," అన్నాడు వెండెల్. "ఆ సౌండు తగ్గించండి."

ఎవరూ పట్టించుకోలేదు. అదే దెబ్బని ఈసారి నెమ్మదిగా, దగ్గరగా చూపించారు. హెల్మెట్ ముందున్న కమ్మీల మధ్య నుంచి కోల్బీ మొహం తెరంతా పరుచుకుంది. చెమట చుక్కలు గాల్లో ఆగినట్టు కదులుతున్నాయి. అవతలివాడి భుజం ఇంకా అందనేలేదు. కోల్బీ కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయి. చిన్నప్పుడు సూది వేయించుకునేటప్పుడు మూసుకున్నట్టే, బుగ్గలు పైకి నొక్కుకుని, రెప్పలు ముడతలు పడేలా.

వెండెల్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

కోల్బీ మెడలో రెండు ఎముకలు పగిలాయని మర్నాడు లాయరు చెప్పాడు. నగరంలో ఆపరేషన్ చేసి లోహపు పలకలు వేశారు. చలికాలం సగం గడిచేసరికి లేచి నడిచాడు గాని, ఎడమచేతి వేళ్లకి స్పర్శ తిరిగి రాలేదు. ఇక ఆట లేదు. లైల్‌కి ఒక కన్ను పోయింది. ఒంటికన్నుతో కొండదారిలో దుంగల లారీ తోలనివ్వరు కనక పనీ పోయింది. డ్యూయీ ముక్కు వంకరగా అతుక్కుంది. వెండెల్ కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు. లాయరు ఏదో చెప్పబోతే వద్దన్నాడు. వేసవి దాకా జైలు వేశారు. మార్లా ఒక్కసారి వచ్చింది. అద్దానికి అవతల కూర్చుని కోల్బీ ఎలా ఉన్నాడో చెప్పి, లైల్ సంగతి అడిగితే లేచి వెళ్లిపోయింది.

విడిచిపెట్టిన రోజున కోల్బీ కారు తెచ్చాడు. సన్నబడ్డాడు. మెడ తిప్పకుండా, మొత్తం ఒళ్లు తిప్పి తండ్రిని చూశాడు. కారు ఊరి పొలిమేర చేరింది.

"నాకు భయమే నాన్నా," అన్నాడు కోల్బీ ఉన్నట్టుండి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "మొదటినుంచీ అంతే. పన్నెండేళ్లప్పుడు మావయ్యకి చెప్పాను. మీ నాన్నకి చెప్పనా అన్నాడు, నేనే వద్దన్నాను. నువ్వు బార్‌లో అందరికీ నా గురించి ఎంత గొప్పగా చెప్పేవాడివో తెలుసుగా."

కోల్బీ మలుపు దగ్గర వేగం తగ్గించాడు.

"ఆ రోజు పొద్దున మావయ్యకి ఫోన్ చేశాను. ఈ ఆటతో మానేస్తాను, నువ్వే నాన్నకి ఎలాగోలా చెప్పు అన్నాను. సరేరా, ఆటయ్యాక నేను చెప్తాలే, నువ్వు జాగ్రత్తగా ఆడు అన్నాడు. నీకు చెప్పాడా?"

"చెప్పబోయాడు," అన్నాడు వెండెల్. తర్వాత అన్నాడు: "మీ మావయ్య ఇంటికి పోనీ."

"ఇప్పుడా? మావయ్య నిన్ను చూస్తే ఏం చేస్తాడో తెలీదు."

"పోనీరా."

లైల్ ఇల్లు వాగు పక్కన, కర్రలతో కట్టింది. పెరట్లో గొడ్డలి చప్పుడవుతోంది. కారు ఆగగానే ఆ చప్పుడూ ఆగింది. లైల్ ఇంటిపక్కనుంచి వచ్చి మెట్ల ముందు నిలబడ్డాడు. చేతిలో గొడ్డలి ఉంది. ఎడమ కంటికి నల్లటి తోలు ముక్క కట్టుకున్నాడు. దాని కింద నుంచి మచ్చ పెదవి దాకా దిగి, నోటిని ఒక పక్కకి లాగింది. మెట్ల పక్కనున్న కర్ర మొద్దుల మీద గొడ్డలి తప్పిన గాట్లు కనిపిస్తున్నాయి.

కోల్బీ దిగబోతే, "నువ్వు కార్లోనే ఉండరా," అన్నాడు లైల్.

వెండెల్ దగ్గరికి నడిచాడు. "లైల్," అన్నాడు.

లైల్ గొడ్డలి మొద్దులో దిగేసి వదిలాడు. గుప్పిట బిగించి కొట్టాడు. గుప్పిట వెండెల్ చెవి పక్కనుంచి గాల్లోకి పోయింది. ఒంటికంటికి దూరం అందలేదు. ఆ ఊపుకి లైల్ తూలాడు. నిలదొక్కుకుని మళ్లీ కొట్టాడు. ఈసారి గడ్డానికి బెత్తెడు ముందే ఆగిపోయింది. అతని మొహం నల్లబడింది. తన దెబ్బ ఇలా తప్పుతుందని లైల్‌కి తెలియక కాదు. దుంగల దగ్గరా అంతే, గ్లాసులో నీళ్లు పోసుకోబోయినా అంతే.

వెండెల్ ఒక అడుగు ముందుకు వేశాడు. బావమరిది ఊపిరి మొహానికి తగిలేటంత దగ్గరికి వచ్చి చేతులు కిందికి వదిలేసి నిలబడ్డాడు. "ఇక్కడున్నాను," అన్నాడు.

లైల్ కుడిచెయ్యి చాపి అతని మొహం తడిమాడు. బుగ్గ, ముక్కు, దవడ. ఎక్కడుందో చూసుకున్నాడు. తర్వాత కొట్టాడు. వెండెల్ పన్ను విరిగి, పెదవి చిట్లి, మోకాళ్ల మీద కూలబడ్డాడు. లైల్ అతన్ని చొక్కా పట్టుకుని లేపి మళ్లీ కొట్టాడు. మళ్లీ లేపాడు. మూడోసారి లేపినప్పుడు గుప్పిట పైకెత్తి, దాన్ని అలాగే ఉంచి, రొప్పుతూ నిలబడ్డాడు. కార్లో కోల్బీ తలుపు పిడి పట్టుకుని ఉన్నాడు గాని తలుపు తెరవలేదు. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి.

లైల్ చొక్కా వదిలేశాడు.

"అక్క అడుగుతుంది మొహం ఏమైందని," అన్నాడు. "నేనే కొట్టానని చెప్పు. ఎక్కడో పడ్డానని చెప్పకు."

"చెప్తాను," అన్నాడు వెండెల్ నెత్తురు ఉమ్మి.

లైల్ మొద్దు దగ్గరికి వెళ్లి గొడ్డలి పీకాడు. దుంగ నిలబెట్టి, ఒంటికంటితో చాలాసేపు దాన్ని చూసి, గొడ్డలి ఎత్తాడు.